మూడో చరణం

1975 జనవరి 11, శనివారం

లాస్ ఏంజెలిస్ నుంచి ఇప్పుడే వచ్చాను. చెవుల్లో ఇంకా డ్రమ్ములు మోగుతున్నాయి. మా చెల్లెలు ఒలీటా కొత్త రికార్డు చేస్తోంది. మా పల్లెల కంట్రీ పాటకి రాక్ వాయిద్యాలు కలిపి వాయించడం ఇప్పుడు ఫ్యాషనట. కలిపితే కలిపారు గానీ, మా బ్యాండులో డోయల్ స్టీల్ గిటార్ అంత తియ్యగా ఏడుస్తుంటే, పక్కన ఒక జులపాలవాడు ఎలక్ట్రిక్ గిటార్‌తో దాని గొంతు నులిమేస్తున్నాడు. ఇదేమిటని అడిగితే గ్యారీ నవ్వాడు. ఈ రికార్డుకి అన్నీ గ్యారీయే. ఏ పాట ఎలా ఉండాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ఎప్పుడు నోరు తెరవాలో చెప్పేది అతనే.

"అదే కదా అందం వెస్టా! ఆ రెండూ కొట్టుకోవాలి. జనానికి కావాల్సింది ఆ కొట్లాటే" అన్నాడు.

కొట్లాటలో అందం ఏమిటో నాకు తెలియదు. డెల్మర్‌తో కాపురం చేసినన్నాళ్లూ చాలినంత చూశాను, ఎక్కడా కనిపించలేదు.

ఇరవై ఏళ్లు నేనూ ఒలీటా ఒకే మైకు ముందు చెంపకు చెంప ఆనించి పాడాం. బేకర్స్‌ఫీల్డ్‌లో మేం పాడని బారు లేదు. దానిది ముందు గొంతు, నాది రెండో గొంతు. చరణాలు అది ఒక్కతే పాడుతుంది, పల్లవి దగ్గర నేను కలుస్తాను. అది ఎక్కడ ఊపిరి తీస్తుందో దాని పెదవులు చూస్తే నాకు తెలిసిపోతుంది. అలాంటిది నన్నివాళ ఒంటరిగా ఒక అద్దాల గదిలో నిలబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, "నువ్వు పల్లవి పాడేసి వెళ్లు, చరణాలు ఒలీటా తర్వాత పాడుకుంటుంది" అన్నారు. చూడటానికి నాకు పెదవులే లేవు.

చరణాల్లో ఏముందని నేను అడగలేదు. రెండో గొంతువాళ్లు అడగరు. పత్తి చేలల్లో, కూలి గుడారాల్లో బతుకుతున్నప్పుడు నాన్న మాకు నేర్పిన పద్ధతి అది. ముందు గొంతు ఎటు పోతే అటు పోవడమే నీ పని, కథ నీకెందుకు అనేవాడు. పల్లవి ఇది:

తలుపు తియ్యండి, తలుపు తియ్యండి,
దారి తప్పి వచ్చాను, తలుపు తియ్యండి.

భక్తి పాట అనుకుంటా. పాపి ఎవరో దేవుడి గుమ్మం ముందు నిలబడి పిలుస్తున్నాడు. మా చర్చిలో సగం పాటలు ఇలాంటివే. ప్రాణం పెట్టి పాడాను. అద్దం అవతల గ్యారీ కళ్లు తుడుచుకున్నాడు. ఒలీటా మాత్రం మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయింది. సిగరెట్టుకి అయి ఉంటుంది.

రికార్డు అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉండవట, ఒలీటా పేరొక్కటే ఉంటుందట. ముందే చెప్పింది. నాకేం కోపం లేదు.

జనవరి 14

ఒలీటా ఫోన్ చేసింది. తీయలేదు. బట్టలు ఉతుకుతున్నాను.

ఉతకడం లేదు.

మార్చి 8, శనివారం

రికార్డు కొట్లోకి వచ్చింది. గాజు తలుపు వెనక వరసగా పేర్చారు. అట్ట మీద బొమ్మలో ఒలీటా ఆయిల్ బావి పక్కన నిలబడి, తోలు కోటు వేసుకుని, ఎవరో తన వంతు కాజేసినట్టు మొహం పెట్టింది. వెనక అట్ట మీద నా పేరు వెతకడానికి భూతద్దం కావాలి. డ్రమ్ములు వాయించినవాడి కింద, టీ కాఫీలు అందించినవాళ్లకి కొంచెం పైన ఉంది.

కొన్నాను. ఇంట్లో గ్రామఫోన్ ముల్లు విరిగిపోయి చాలా రోజులైంది. కొత్తది తేవాలి. తీరిక దొరకాలి కదా.

కోపం లేదని మళ్లీ రాద్దామనుకున్నాను. ఇంతకుముందే రాశాను, చాల్లే.

మార్చి 28, గుడ్ ఫ్రైడే

ఇవాళ్టిది ఇవాళే రాస్తాను.

ఈస్టర్‌కి జుట్టు చేయించుకోవాలని మా ఆయిల్‌డేల్‌లో ఆడవాళ్లంతా ఇవాళే మా పార్లర్ మీద పడ్డారు. కుర్చీలన్నీ నిండాయి, డ్రయ్యర్లన్నీ మోగుతున్నాయి. నేను ఒకామె తల కడుగుతున్నాను. పార్లర్ యజమాని మొజెల్ పిన్ని ఉన్నట్టుండి అరిచింది.

"ఒసేయ్ వెస్టా! ఆ రేడియో గొంతు పెంచవే! మీ చెల్లెలే!"

పెంచాను. నా చేత్తో నేనే పెంచాను.

రేడియోవాడు ముందు చెప్పాడు: "ఇది ఒలీటా సొంత అక్క కథ. ఒలీటాయే నాతో స్వయంగా చెప్పింది. రుమాలు దగ్గర పెట్టుకోండి." పాట మొదలైంది. మొదటి చరణం: పొగమంచు, తెల్లవారుజాము, మొగుడి చేతిలో దెబ్బలు తిని రోడ్డున పడ్డ ఆడది. తర్వాత పల్లవి వచ్చింది. తలుపు తియ్యండి, తలుపు తియ్యండి. నా గొంతు. భక్తి పాట అనుకుని పాడానే, ఆ గొంతు. రెండో చరణం సగం డ్రయ్యర్ల మోతలో పోయింది. మూడోది మాత్రం అందరూ డ్రయ్యర్లు ఆపుకుని మరీ విన్నారు.

గడియ తీశానే, గుండెకి హత్తుకున్నానే,
నీ కాళ్లు కడిగానే అక్కా, నా పక్కలో దాచానే.

నురగ చేతులతో అలాగే నిలబడిపోయాను. నేను తల కడుగుతున్న ఆవిడ తడి జుట్టుతోనే లేచి నన్ను వాటేసుకుంది. మొజెల్ పిన్ని ముక్కు చీదుతోంది.

"బంగారం అమ్మా మీ చెల్లెలు! పాలల్లో కడిగిన మనసు. నువ్వెప్పుడూ చెప్పలేదేమే, అది నిన్ను అలా ఆదుకుందని?"

"చెప్పడానికేముంది పిన్నీ" అన్నాను.

అవును, చెప్పడానికేమీ లేదు. ఎందుకంటే అలాంటిదేమీ జరగలేదు. జరిగింది ఇది. పదకొండేళ్ల కింద జనవరిలో, డెల్మర్ తాగి వచ్చి నా వేళ్లు తలుపు సందులో పెట్టి నొక్కాడు. నేను పారిపోయి ఆ మంచులో ఒలీటా ఇంటికి నడిచాను. తలుపు కొట్టాను. ఇల్లంతా చీకటి. ఎవరూ లేరు. అది ముందు సాయంత్రమే లాస్ ఏంజెలిస్ బస్సెక్కింది, రికార్డు కంపెనీవాళ్లకి పాట వినిపించడానికి. తర్వాత అదే చెప్పింది. "అయ్యో, నేను ఊళ్లో ఉంటే నీకీ గతి పట్టేదా అక్కా" అని భోరున ఏడ్చింది కూడా. నేను హైవే దాకా నడిచాను. పెట్రోల్ బంకులో ఒక ముసలాయన కాఫీ ఇచ్చి, దుప్పటి కప్పి, పోలీసులకి ఫోన్ చేశాడు. నన్ను ఆదుకున్నది ఆయన. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

ఊళ్లోనే లేనిది తలుపు తీసిందట! కాళ్లు కడిగిందట! నా దెబ్బలు నావి. నా మంచు నాది. అవి పట్టుకెళ్లి గిటార్లకి కట్టి అమ్ముకోవడం ఒక ఎత్తు, దాంట్లో తనకి దేవత వేషం వేసుకోవడం ఇంకో ఎత్తు. పైగా ఆ వేషానికి నా గొంతు సాక్ష్యం!

కోపం వచ్చింది. ఒళ్లంతా మండుతోంది. ఇక ఈ మాట కొట్టేయను.

మార్చి 30, ఈస్టర్

పాస్టర్ ఇవాళ ప్రసంగంలో ఒలీటా పాట ఎత్తుకున్నాడు. తట్టిన వెంటనే తెరిచిన సోదరి అని. జనమంతా నా వైపు తిరిగి చూసి, నవ్వి, కళ్లు ఒత్తుకున్నారు. నేనూ నవ్వాను. దవడలు ఇప్పటికీ నొప్పిగా ఉన్నాయి.

ఏప్రిల్ 2, బుధవారం

ముల్లు కొన్నాను.

ఏప్రిల్ 3

రాత్రి నుంచి రాద్దామని కూర్చుని లేస్తున్నాను. పొద్దున పనికి వెళ్లలేదు. తలనొప్పని మొజెల్ పిన్నికి ఫోన్ చేశాను.

రెండో చరణం. పార్లర్‌లో నాకు సరిగ్గా వినపడనిది. నిన్న ముల్లు వేసి విన్నాను.

ఒక కాలికి జోడు, ఒక చేతిలో జోడు,
మంచులో నిలబడ్డావే నా తోడబుట్టినదానా.

బాగా రాసింది అనుకున్నాను మొదట. నిజంగా అదే అనుకున్నాను. ఇంత మంట మీద ఉండి కూడా, ఆ మాట బాగుంది అనుకున్నాను. రికార్డు తిరుగుతూనే ఉంది. అది నిజం కదా, ఆ రోజు నా జోడు చేతిలోనే ఉంది కదా అనుకున్నాను. అప్పుడు ముల్లు ఎత్తేశాను.

దీనికెలా తెలుసు?

నేను చెప్పి ఉంటాను. ఎప్పుడో ఏడుస్తూ చెప్పి ఉంటాను.

చెప్పలేదు. ఆ జోడు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత సంగతి కాదది. ఇంట్లోంచి బయటపడ్డప్పుడు రెండు కాళ్లకీ ఉన్నాయి. వేళ్లు వాచి తలుపు కొట్టడానికి రాక, ఒలీటా గుమ్మంలో ఒక జోడు విప్పి దాని మడమతో కొట్టాను. చాలాసేపు కొట్టాను. మెట్లు దిగే ముందు తొడుక్కున్నాను. పెట్రోల్ బంకు ముసలాయన దగ్గరికి రెండు జోళ్లతోనే వెళ్లాను. జోడు నా చేతిలో ఉన్నది ప్రపంచం మొత్తం మీద ఒకే ఒక్క చోట. ఆ గుమ్మంలో.

అంటే నన్ను చూసింది. ఇంట్లోనే ఉంది. కిటికీ పక్కన నిలబడి చూసింది.

పరదా కదిలినట్టు నాకు అప్పుడే అనిపించింది. గాలికి అనుకున్నాను. వేసి ఉన్న కిటికీకి గాలేమిటి? ఇన్నేళ్లూ ఆ గాలిని నేనే మోసుకొచ్చాను. ఎవరు అడిగినా "పాపం ఒలీటా ఊళ్లో లేదు" అని దాని తరఫున నేనే చెప్పాను. పోలీసులకి చెప్పాను, పాస్టర్‌కి చెప్పాను, డెల్మర్ మొహం మీద కూడా చెప్పాను. నా అంత వెర్రిబాగులది ఈ జిల్లాలో ఉండదు.

ఏప్రిల్ 6, ఆదివారం

చర్చి నుంచి నేరుగా ఒలీటా ఇంటికి వెళ్లాను. కొత్త ఇల్లు, కొత్త పొయ్యి. మధ్యాహ్నం బ్యాండువాళ్లు భోజనానికి వస్తారట, బెండకాయ ముక్కలు మొక్కజొన్న పిండిలో పొర్లించి వేయిస్తోంది. నన్ను చూసి మొహం ఇంత చేసుకుంది.

"రా అక్కా, రా! కాసేపాగితే వేడివేడిగా..."

"జోడు సంగతి నీకెలా తెలుసు?"

"ఏ జోడు?"

"పాటలో జోడు."

"నువ్వే ఎప్పుడో చెప్పుంటావ్."

"చెప్పలేదు."

"అయితే డెల్మర్ బావ..."

"వాడు నీకు బావా? వాడింట్లోంచి రెండు జోళ్లూ వేసుకునే వచ్చాను. నీ గుమ్మంలో విప్పాను. తలుపు కొట్టడానికి. నా వేళ్లు ఎలా ఉన్నాయో అది కూడా చూశావా, మంచులో కనపళ్లేదా?"

అట్లకాడ ఆగిపోయింది. నూనె మాత్రం చిటపటలాడుతూనే ఉంది. ఒలీటా నా వైపు తిరగలేదు.

"పొద్దున ఏడింటికి బస్సు అక్కా" అంది చివరికి. చాలా చిన్నగా అంది. "తలుపు తీస్తే నువ్వొస్తావ్. నువ్వొస్తే వెనకాలే డెల్మరొస్తాడు. వాడొస్తే అరుపులు, పోలీసులు, ఆస్పత్రి. తెల్లారేసరికి నాకు గొంతుంటుందా? బస్సుంటుందా? అన్నేళ్లకి ఒక్క పిలుపొచ్చింది. ఒక్కటి! ఇంకాసేపట్లో వెళ్లిపోతుందిలే, పక్కింటివాళ్లు తీస్తారులే అనుకున్నా."

"పక్కిల్లు ఎక్కడుందే? రోడ్డుకి అటు పొలం, ఇటు పొలం."

అట్లకాడ పొయ్యి పక్కన పెట్టేసింది.

"ఇంతకీ ఏమన్నారు లాస్ ఏంజెలిస్‌లో?"

"రెండు పాటలు విన్నారు. కబురు చేస్తామన్నారు. చేయలేదు."

నాకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. దానికి ఏడుపొచ్చింది.

"పాటలోనైనా తీశాను కదా అక్కా! ఇన్నేళ్లూ ఆ గడియ మీదే ఉంది నా ప్రాణం. కళ్లు మూస్తే ఆ చప్పుడే. అందుకే రాశా. ఈసారి తీద్దామని రాశా."

"నువ్వు తీస్తే నేను లోపలికి వచ్చానా మరి?"

"అక్కా..."

"మార్చు ఆ చరణం."

"రికార్డు నొక్కేశారు. ఇప్పుడెలా మారుస్తాను?"

"స్టేజీ మీద మార్చు. తీయలేదని పాడు."

"నువ్వు చూళ్లేదు కాబట్టి అంటున్నావ్. ఆ మాట దగ్గరే ఏడుస్తున్నారక్కా జనం. ఆ మాట కోసమే వస్తున్నారు. తీయలేదని పాడితే నన్ను రాళ్లు పెట్టి కొడతారు."

"నన్ను కొట్టినప్పుడు చూడ్డానికి ఒక్కళ్లూ రాలేదు. నీకు జనమైనా ఉంటారు" అన్నాను.

బెండకాయలు మాడిన వాసన వేసింది. ఇద్దరిలో ఎవరూ పొయ్యి ఆపలేదు. వచ్చేటప్పుడు గుమ్మంలో డోయల్ ఎదురొచ్చి, ఏమైందమ్మా అన్నాడు. కూర మాడిందని చెప్పాను.

ఏప్రిల్ 7

దానితో ఇక పాడను. ఈ జన్మలో పాడను.

ఏప్రిల్ 9

గ్యారీ ఫోన్ చేశాడు. పంతొమ్మిదిన ఇక్కడ జాతర మైదానంలో కచేరీ, నేను స్టేజీ మీద ఉండాలి, అక్కాచెల్లెళ్లు ఒకే మైకు ముందు కనపడితే జనం పిచ్చెక్కిపోతారు అన్నాడు. పాడను అని చెప్పడానికి నోరు తెరిచాను.

పాడతాను అని చెప్పాను. ఎందుకో నాకే తెలియదు.

తెలుసు.

ఏప్రిల్ 20, ఆదివారం

నిన్నటిది నిన్ననే రాయాల్సింది. చేయి ఆడలేదు.

మిట్ట మధ్యాహ్నం, దుమ్ము, ఊరంతా అక్కడే ఉంది. మొజెల్ పిన్ని ముందు వరసలో కుర్చీ వేయించుకుని, రుమాలు చేతిలో సిద్ధంగా పట్టుకుని కూర్చుంది. పాత రోజుల్లోలా ఒకే మైకు. ఒలీటా పక్కన నిలబడ్డాను. అది నా నడుము చుట్టూ చేయి వేసింది. స్టేజీ మీద ఎప్పుడూ అలాగే వేస్తుంది. తీసెయ్యమని చెవిలో చెప్పాను. నవ్వుతూనే తీసేసింది.

మొదటి చరణం అయింది. పల్లవి కలిశాను. రెండో చరణంలో జోడు మాట వచ్చినప్పుడు దాని గొంతు కొంచెం వంకర పోయింది, ఎవరూ కనిపెట్టలేదు, నేను కనిపెట్టాను. మళ్లీ పల్లవి. తలుపు తియ్యండి. ఇక్కడ నేను ఆగి ఒక అడుగు వెనక్కి వేయాలి, అది మూడో చరణం ఎత్తుకోవాలి. అది ఊపిరి తీసుకుంది.

నేను ఆగలేదు.

తలుపు తియ్యండి, తలుపు తియ్యండి. ఒలీటా "గడి" అని మొదలుపెట్టి ఆగింది. నేను మళ్లీ పాడాను. అది నన్ను చూసింది. ఇరవై ఏళ్లు నేను దాని పెదవులు చూశాను, మొదటిసారి అది నా పెదవులు చూసింది, ఎప్పుడు ఆగుతాయా అని. అవి ఆగలేదు. వెనక డోయల్ ఏమనుకున్నాడో ఏమో, స్టీల్ గిటార్‌తో నా వెంటే వచ్చాడు. డ్రమ్ములవాడు ఇదేదో కొత్త ఏర్పాటు అనుకుని దంచడం మొదలెట్టాడు. ఆ జులపాలవాడు కూడా, వాణ్ని నేను ఎంత తిట్టుకున్నానో, కొడవలితో కోసినట్టు వాయించాడు. అప్పుడు అర్థమైంది ఆ గోల దేనికి పనికొస్తుందో. ఆ రోజు నా జోడు మడమ చేసిన చప్పుడు మెత్తగా లేదు. స్టీల్ గిటార్ ఒక్కటే ఉంటే అది ఏడుపు పాట. ఇది ఏడుపు కాదు.

జనం లేచారు. చప్పట్లతో అందుకున్నారు. మైదానం మైదానమంతా తలుపు తియ్యండి, తలుపు తియ్యండి అని అరుస్తోంది. మొజెల్ పిన్ని కుర్చీ ఎక్కి అరుస్తోంది. ఎవరికీ ఏమీ తెలియదు, పండగలా ఉంది వాళ్లకి. ఒలీటా ఒక్కతే ఆ మోత మధ్యలో నోరు తెరుస్తూ, మూస్తూ నిలబడింది. గడియ తీశానన్న మాట దాని నోట్లోంచి రాలేదు. రానివ్వలేదు. పాట అలాగే ముగిసింది.

స్టేజీ మెట్లు రెండేసి చొప్పున దిగాను. సంతోషంతో. రాయకూడదా? రాశాను.

ఏప్రిల్ 21

గ్యారీ ఫోన్. "అదిరిపోయింది వెస్టా! ఎవరి ఆలోచన అది? ప్రతి ఊళ్లోనూ అలాగే చేద్దాం! ఆ చరణం ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి!"

వెధవ. వాడికి ఏదైనా సంగీతమే.

ఏప్రిల్ 25, శుక్రవారం

ఫ్రెస్నో వచ్చాం. రేపు కచేరీ. బస్సులో ఒలీటా వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపు కిటికీలోంచి ద్రాక్షతోటలు చూసింది.

"ఎన్నాళ్లు చేస్తావ్ ఇలా?" అంది.

"ఎన్ని ఊళ్లుంటే అన్ని ఊళ్లు."

"నన్ను పిచ్చిదాన్ని చెయ్యాలనా?"

"నాకేం సరదానా? అబద్ధం తీసెయ్. నోరు మూసుకుంటాను."

"నిజం పాడితే అప్పుడు కలుస్తావా నాతో? పల్లవి?"

"ముందు పాడవే, చూద్దాం."

"నాకు భయంగా ఉందక్కా" అంది. నా భుజం మీద తల వాల్చబోయింది. నేను లేచి డోయల్ పక్కన కూర్చున్నాను.

కలుస్తాననే అనుకుంటున్నాను. నిజం చెబితే చాలు నాకు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. నిజంగా.

ఏప్రిల్ 27, ఆదివారం

పాడింది.

రెండో పల్లవి అయ్యాక నేను ఆగాను. మాట ఇచ్చాను కాబట్టి ఆగి, ఒక అడుగు వెనక్కి వేశాను. ఒలీటా డోయల్ వైపు తిరిగి చెయ్యి చూపించింది, అతను తగ్గించాడు. డ్రమ్ములు ఆగిపోయాయి. జులపాలవాడు తీగల మీద అరచెయ్యి వేసి పట్టుకున్నాడు. స్టేజీ పక్కన గ్యారీ చేతులూపుతున్నాడు, ఏం చేస్తున్నారు, ఏం చేస్తున్నారు అని. ఒలీటా కళ్లు మూసుకుంది. గొంతు సగం విరిగి, సగం నిలబడి పాడింది.

నీ అడుగులు విన్నానే, రోడ్డు మలుపులో విన్నానే,
గడియ తియ్యలేదే అక్కా, నేను దీపం ఆర్పేశానే.

దీపం.

ఆ సంగతి నాకు తెలియదు. ఇల్లంతా చీకటి అని నేను పోలీసులకి చెప్పానే, చర్చిలో చెప్పానే, ఈ పుస్తకంలో కూడా రాశానే, ఆ చీకటి నేను వస్తున్నానని చేసిన చీకటి. నేను తలుపు దాకా రాకముందే, ఒక్క దెబ్బ కొట్టకముందే. చూసి భయపడటం కాదు. పడుకుని లేవలేకపోవడం కాదు. అప్పటికి లేచే ఉంది. లేచి, అడుగులు నావేనని పోల్చుకుని, వెళ్లి దీపం ఆర్పింది.

హాల్లో ఎవరూ కదల్లేదు. ఎక్కడో ఒకరు దగ్గారు. ముందు వరసలో ఒక ఆవిడ రుమాలు ఒళ్లో పెట్టుకుని, అయిపోయిందా, ఇంకా ఉందా అన్నట్టు పక్కావిడని చూసింది.

ఇక మిగిలింది పల్లవి. ఒలీటా కళ్లు తెరిచింది. మైకు ముందు నా చోటు నాకు వదిలి, పక్కకి జరిగి, నా వైపు తిరిగింది. మొహమంతా తడి. ఊపిరి తీసుకుంది. అది ఎక్కడ తీసుకుంటుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ల అలవాటు, నా ఛాతీ కూడా దానంతటదే నిండింది.

నిండిన ఊపిరి అలాగే వదిలేశాను.

తలుపు తియ్యండి అని అది ఒక్కతే పాడింది. నా మొహంలోకి చూస్తూ పాడింది. తలుపు తియ్యండి. రెండో గొంతు లేకపోతే ఆ పల్లవి ఎంత బక్కగా ఉంటుందో హాలంతా వింది. దారి తప్పి వచ్చాను, తలుపు తియ్యండి. మళ్లీ పాడింది. నాకు దాని మొహం స్పష్టంగా కనిపిస్తోంది, దాని పెదవులు వణకడం కూడా కనిపిస్తోంది.

అన్నీ విన్నాను. తియ్యలేదు.